గ్రేహౌండ్ పందేలకు కఠినమైన నిబంధనలు పెడితే సరిపోదా?

ఆస్ట్రేలియాలో ఉన్నట్టు పశువైద్యుడు, చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్, లైసెన్సు ఉంటే మన దగ్గర కూడా గ్రేహౌండ్ అనే వేగంగా పరుగెత్తే జాతి కుక్కల పందేలు జరుపుకోవచ్చు కదా అని మీరు అడిగారు. గాజువాకలో ఉండే మీ బాబాయిగారు పందెం కోసం రెండు గ్రేహౌండ్ పిల్లలను కొనాలనుకుంటున్నారని కూడా రాశారు. నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. చదువు కోసం ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మూడేళ్లు ఉన్నప్పుడు, పందేల నుంచి తప్పించిన గ్రేహౌండ్‌లకు ఇళ్లు వెతికిపెట్టే ఒక ఆశ్రయంలో సెలవు రోజుల్లో పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, సరిపోదు.

నా చేతికి మొదట అప్పగించిన ఆడకుక్కకు నాలుగేళ్లు కూడా నిండలేదు. చెవిలో పచ్చబొట్టు, కుడి వెనక కాలి మడమ కీలు దగ్గర పాత శస్త్రచికిత్స మచ్చ ఉండేవి. అక్కడ పందెపు బాట మీద కుక్కలు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ గంటకు 60 కిలోమీటర్లకు పైబడిన వేగంతో మలుపు తీసుకుంటాయి కాబట్టి, ఆ ఒత్తిడంతా కుడి వెనక కాలి మీద పడి అక్కడి చిన్న ఎముక విరుగుతుందని పశువైద్యురాలు నాకు వివరించారు. అంటే ఇది ఎవరి నిర్లక్ష్యం వల్లనో జరిగే ప్రమాదం కాదు, ఆ పరుగు తీరులోనే ఉన్న గాయం. బాట పక్కన వైద్యుడు ఉంటే విరిగిన కాలికి కట్టు కడతారు, అంతే. ఆ కుక్క మెట్లు చూసి వణికేది. పుట్టినప్పటి నుంచి కెన్నెల్ (కుక్కలను ఉంచే కొట్టం) తప్ప ఇల్లంటూ ఎరగని జీవికి మెట్టు మీద కాలు పెట్టడం నేర్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

నిబంధనలు ఎక్కువగా పందెం జరిగే చోటునే చూస్తాయి, హాని మాత్రం దానికి ముందూ వెనకా ఉంటుంది. గ్రేహౌండ్ సుమారు ఏడాదిన్నర వయసులో పందేల్లోకి దిగి, నాలుగైదేళ్లకే పక్కకు తప్పుకుంటుంది. ఆయుర్దాయం పన్నెండేళ్ల వరకూ ఉంటుంది. మిగిలిన ఏళ్లు దాన్ని ఎవరు పోషిస్తారు? అసలు పందెం దాకా రాని పిల్లల సంగతేమిటి? బతికున్న జంతువులను ఎరగా చూపి కుక్కలకు తర్ఫీదు ఇస్తున్నారని 2015లో టెలివిజన్ కథనం బయటపెట్టాక, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం మాజీ న్యాయమూర్తి మైకేల్ మెక్‌హ్యూతో విచారణ జరిపించింది. అంతకుముందు పన్నెండేళ్లలో పందేనికి పనికిరావని చంపేసిన కుక్కలు 48,891 నుంచి 68,448 వరకు ఉంటాయని 2016లో ఆ నివేదిక తేల్చింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దాదాపు ఇరవై వేల తేడాను గమనించండి. లైసెన్సులూ నమోదులూ ఉన్న చోటే లెక్క అంత గల్లంతైంది.

ఆ ఏడాదే ప్రకటించిన పందేల నిషేధాన్ని ప్రీమియర్ (ఆ రాష్ట్ర ప్రభుత్వాధినేత) మైక్ బెయర్డ్ కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. తర్వాత పందేలు నడిపే సంస్థ నుంచి విడదీసి, సంక్షేమం చూసే వేరే కమిషన్‌ను 2018లో ఏర్పాటు చేశారు. లాభం పొందేవారే లెక్క రాయకూడదన్న ఆ ఆలోచన సరైనదే. అయినా పుట్టే కుక్కల సంఖ్య తగ్గకపోతే ఆశ్రయాలు నిండుతూనే ఉంటాయి, మా ఆశ్రయంలో ఖాళీ గది నేనెప్పుడూ చూడలేదు. అమెరికాలోని ఫ్లోరిడా ఓటర్లు 2018లో ఈ పందేలను ఆపాలని తీర్పిచ్చారు, న్యూజిలాండ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో అదే నిర్ణయం ప్రకటించింది.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. అడవి కుందేలును ఎరగా వాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఈ సంగతులు మీ బాబాయిగారికి చెప్పండి.

కుక్కపిల్లలను ఇప్పటికే తెచ్చి ఉంటే పందెం ఆలోచన మాని ఇంట్లోనే పెంచమనండి. వీటి ఒంటి మీద కొవ్వు తక్కువ కాబట్టి కటిక నేల మీద పడుకోబెట్టకూడదు, మెత్తటి పరుపు వేయాలి. నున్నటి టైల్స్ మీద జారి కాళ్లు పట్టేస్తాయి, గోనెపట్టా పరచండి. బీచ్ రోడ్డులో మాత్రం ఎంత తెల్లవారుజామునైనా తాడు లేకుండా వదలవద్దు. పిల్లి కనిపించిందంటే పిలిచినా ఆగదు.