పాత చీరల బొంత మెషిన్ మీద కుట్టొచ్చా?

పాత కాటన్ చీరలతో బొంత కుట్టాలని ఉంది, మెషిన్ మీద లాగించేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. మెషిన్ పళ్లు కింది పొరను లాక్కుపోతాయి, పై పొర వెనకబడుతుంది, ఎక్కడికక్కడ ముడతలు పడతాయి. పైగా కట్టి కట్టి పలచబడ్డ బట్ట ఆ దగ్గర దగ్గర కుట్ల వెంటే చిరిగిపోతుంది.

మా అక్క కూతురు పురిటికి వచ్చినప్పుడు పాపాయి కోసం మా అత్తయ్య మంగళగిరి చీర తీశాను. పసిపిల్లల బొంతకి ఒక్క చీర చాలు. ఐదున్నర మీటర్లనీ సగానికి రెండుసార్లు మడిస్తే నాలుగు పొరలు వచ్చేస్తాయి. గంజి పోయేదాకా ఉతికి, జరీ అంచు కత్తిరించేశాను. జరీ పిల్లల ఒంటికి గీసుకుంటుంది. ఫ్యాను ఆపి, హాల్లో నేల మీద పరిచి, మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో సర్దుతుంటే అక్క వచ్చి, "రంగు వెలిసిపోయిందే, పైన నా కొత్త సింథటిక్ చీర వేద్దాం" అంది. నేను ససేమిరా అన్నాను. అది చెమట పీల్చదు, పొరల మీద నిలవదు, జారిపోతుంది. అందం కావాలంటే ఇదిగో అని అత్తయ్య చీర కొంగులోంచే త్రికోణాలు కోసి నాలుగు మూలలా వేశాను. పాప ఇప్పటికీ ఆ మూల పట్టుకునే నిద్రపోతుంది.

అసలు నా బాధంతా వేరే. అమ్మల చీరలన్నీ వీధిలోకొచ్చే స్టీలు సామాన్లవాళ్లకి ఇచ్చేసి ఒక గిన్నె తెచ్చుకుంటున్నాం. తర్వాత పాలిస్టర్ దూది కూరిన పిల్లల క్విల్ట్ వేలు పోసి ఆన్‌లైన్లో కొంటున్నాం! బెంగాల్లో కాంథా, కర్ణాటకలో కౌది అనే బొంతలు, అన్నీ ఇలా పాత బట్టల్లోంచి పుట్టినవే. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ పోతారు, చూడముచ్చటగా ఉంటుంది.

ముందు పొరలు కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి. దారం మూరెడు మించి తీయకండి, చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే ఇంకా మంచిది. ఎర్ర చీరైతే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. మెషిన్ ఉంది కదా అనుకుంటే చివర్న చుట్టూ అంచు పట్టీ మాత్రం దాని మీద వేసుకోండి, లోపలంతా చేతికుట్టే.