రెండు వందల మంది వస్తున్నా సంఘంలో ఫలం కనిపించడం లేదు, సంఘం మారాలా?

వందనాలు. ఆదివారం ఆరాధనకు రెండు వందల మంది వస్తారు, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది, నెలకోసారి రాత్రంతా ప్రార్థన ఉంది, అయినా ఆత్మీయ ఫలం కనిపించడం లేదు, వేరే సంఘానికి వెళ్లిపోవాలా అని అడిగారు. నేను వరంగల్‌లో ఒక మామూలు సంఘంలో కొన్నేళ్లు కమిటీలో ఉన్నాను. బోధకుణ్ణి కాదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తాను. కాబట్టి నా జవాబులో కాస్త మిర్చి ఘాటు ఉంటే ఏమీ అనుకోవద్దు.

ముందు మీరు ఫలం అని దేన్ని అంటున్నారో తేల్చుకోండి. మా కమిటీలో ఫలం అంటే ఆ ఏడాది ఎన్ని బాప్తిస్మాలు జరిగాయి, కానుక ఎంత వచ్చింది అన్నదే లెక్క. బైబిల్లో గలతీయులకు రాసిన లేఖ, అదే గలతీ పత్రికలో, ఆత్మ ఫలం అని ఉన్న జాబితా మాత్రం వేరు. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయ... ఇలా తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా రిజిస్టర్‌లో రాసుకునేది కాదు. ఎవరి మీదా కోపగించుకోకుండా ఒంటరిగా కూర్చుని దీర్ఘశాంతం నేర్చుకోలేం కదా. పక్కన విసిగించే మనిషి ఉండాలి. సంఘం ఉన్నది అందుకేనేమో అని కమిటీ మీటింగుల్లో చాలాసార్లు అనిపించింది.

2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా దగ్గరికి వచ్చే రైతులు చెప్పేవాళ్లు, దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది, దగ్గరికెళ్లి పువ్వు విప్పితే లోపల పురుగు అని. యూరియా ఎక్కువ కొట్టినా అంతే, చేను ఏపుగా పెరుగుతుంది, కాపు మాత్రం ఉండదు. మా సంఘం చాలాకాలం అలాగే ఉంది. మంచి సౌండ్ సిస్టమ్, నిండిన హాలు. 2017 నుంచి రెండేళ్లు కమిటీలో ఒకటే గొడవ, కొత్త స్లాబు లెక్కలు. ఎవరి తప్పో ఇక్కడ రాయను, నా నోరు కూడా తక్కువేం కాదు. చివరికి రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి, ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆ గొడవలోనే, 2019 ఫిబ్రవరిలో అనుకుంటా, పనిమీద ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్తే అక్కడ మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లలో మా సంఘం పెద్దమ్మ కనిపించింది. ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునేది. “అమ్మా, ప్రార్థనకు వస్తలేవేంది?” అన్నాను. తల ఎత్తకుండా, “నాలుగు నెలలాయె బిడ్డా. ఎవరన్న వచ్చి అడుగుతరని చూసిన” అంది. అల్లుడి ఆసుపత్రి అప్పు తీర్చడానికి ఆదివారం కూడా కూలికి వెళ్తోంది. నాలుగు నెలలు! మా హాజరు పట్టీ రెండు వందలు దాటిందని ఆ మధ్యే సంతోషపడ్డాం. ఆ రోజు నాకు పనిమీద మనసు పోలేదు.

తరువాత చేసినవి పెద్ద పనులేం కాదు. దగ్గర దగ్గరగా ఉన్న ఎనిమిది ఇళ్లను ఒక గుంపు చేసి, గురువారం సాయంత్రం ఒక్కో ఇంట్లో కలవడం మొదలుపెట్టాం. మొదటి అరగంట ప్రసంగం లేదు, ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకోవడమే. మొదట్లో ఒక పొరపాటు చేశాం. ఒకరింట్లో ఉప్మా పెడితే పక్కింట్లో బజ్జీలు, ఆ తరువాత ఇంట్లో కూల్ డ్రింకులు. రెండు నెలలకు కిరాయి గదుల్లో ఉండేవాళ్లు “మా ఇంట్లో వద్దన్నా, జాగ లేదు” అనడం మొదలుపెట్టారు. జాగ కాదు సమస్య అని మా ఆవిడ చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. అప్పటినుంచి టీ మాత్రమే. ఇంతకంటే మంచి నిర్ణయం మా కమిటీ ఎప్పుడూ చేయలేదు.

రెండోది పిడికెడు బియ్యం. మాది డోర్నకల్ వైపు పల్లె. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి పేరు మా ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల మధ్యే ఉండిపోయిన మనిషి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత చేయి తలమీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ, అంటే అయ్యో నాకు కీడు, అని పలికించేవారట. అంటే పని బోధకుడొక్కడిదే కాదు, తడిసిన ప్రతి తలదీ. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వేరే కుండలో వేసేది, ఆదివారం అది గుడికి వెళ్లేది. అదే మళ్లీ మొదలుపెట్టాం. పిడికెడు యాభై గ్రాములు అనుకోండి, రెండు పూటలకు వంద, వారానికి ఏడు వందలు. ముప్పై ఇళ్లు వేస్తే ఇరవై ఒక్క కిలోలు. ఎవరికి వెళ్తుందో ప్రకటించం, ఫోటోలు తీయం. 2021 మేలో చర్చి మూసి ఉన్నప్పుడు నడిచింది ఈ కుండా, ఆ గురువారం గుంపుల ఫోన్లే. సౌండ్ సిస్టమ్ మీద దుమ్ము పట్టింది.

అంతా మారిపోయిందని చెప్పను. ఒకే చాప మీద కూర్చుంటాం, ఒకే రొట్టె విరుస్తాం, పిల్లల సంబంధాల దగ్గరికొచ్చేసరికి మాత్రం “మనోళ్లేనా?” అని మెల్లగా అడుగుతాం. దీనిమీద గురువారం ఒకసారి మాట తీశాను, ఆ తరువాత రెండు వారాలు ఇద్దరు రాలేదు. మళ్లీ తీస్తాను.

ఇక సంఘం మారాలా అన్నది. కానుకల లెక్క అడిగితే దేవుని అభిషక్తుణ్ణి ప్రశ్నిస్తావా అని నోరు మూయించే చోటయితే, ఆడపిల్లలకు భద్రత లేని చోటయితే ఆలోచించకుండా వెళ్లిపోండి. అలా కాక ఉత్త పచ్చగా ఉండి కాపు లేదు అంతే అయితే, లూకా సువార్తలో, కాయని అంజూరపు చెట్టును యజమాని నరికేయమంటే తోటమాలి అడిగినట్టు, ఒక్క ఏడాది గడువు ఇవ్వండి. ఆయన ఊరికే గడువు అడగలేదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఈ వారమే, మూడు నెలలుగా కనిపించని వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఐదు పేర్లు కూడా గుర్తురాకపోతే ఎక్కడ తవ్వాలో తెలిసినట్టే.

పాస్టర్ గారితో ఎలా మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. మీటింగులో మాత్రం చెప్పకండి, అక్కడ ఎవరైనా బిగుసుకుంటారు. నేను మా పాస్టర్ గారిని బండి మీద ఎక్కించుకుని పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలు కూర్చున్నారు, టీ తాగారు, వాక్యం చెప్పలేదు, ఆమె చెప్పింది విన్నారు. ఆమె ఇప్పుడు గురువారాలు వస్తుంది, ఆదివారం ఇంకా కూలికే. ఆ వారం పాస్టర్ గారి ప్రసంగం గంటన్నర నుంచి యాభై నిమిషాలకు తగ్గింది. కారణం అదేనా అని నేను అడగలేదు.