రాతిలో ఉన్న డైనోసార్ ఎముకని బయటికి తీయాలా, అలాగే ఉంచాలా?

మీరు అడిగింది ఇదీ కదా: ఇసుకరాయిలో సగం పైకి తేలి, ఎండకీ వానకీ పగుళ్లిచ్చిన ఎముక ముక్క ఉంది, రాయంతా చెక్కేసి ఎముకని మాత్రమే షెల్ఫ్‌లో పెట్టుకోనా అని. వద్దండి, రాయితోనే ఉంచండి. నేను ఏళ్ల తరబడి ఇలాంటివే సేకరిస్తున్నా, నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అమెరికాలోని వ్యోమింగ్‌లో ఒక ప్రైవేట్ రాంచ్‌లో, ఓనర్ రాసిచ్చిన పర్మిషన్‌తో తెచ్చుకున్న సారోపాడ్ (పొడుగు మెడ డైనోసార్) పక్కటెముక, మారిసన్ ఫార్మేషన్ అనే రాతి పొరలది, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది. పైభాగం అరిగిపోయింది కాబట్టే లోపలి స్పాంజి లాంటి అల్లిక మొత్తం కనిపిస్తది, పాడవకుండా ఉన్న ఎముకలో అది చూడాలంటే కోయాల్సిందే.

ఇక రాయి ఎందుకు ముఖ్యమంటే, ఎముక నేలపైకి తేలాక పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి, చలికి అవి గడ్డకట్టి పగులు ఇంకాస్త తెరుస్తాయి, చెట్ల వేర్లు కూడా దూరతాయి, ఇలా జరిగి జరిగి ఆ ఎముక వందల ముక్కలై కూడా ఒక్కటిగా కనిపిస్తోందంటే కింద రాయి పట్టుకుని ఉండబట్టే. ఆ రాయి తీసేస్తే మీ చేతిలో మిగిలేది పొడీ, పెచ్చులూ. ఇంకోటి, ముతక ఇసుకా గులకలూ ఉంటే పారే నీళ్లు తెచ్చిపడేశాయని, సన్నటి బురదరాయి అయితే నీళ్లు నెమ్మదించిన చోటని చెప్పొచ్చు, ఎముక ఏ వైపు వాలి ఉందో కూడా అందులోనే ఉంటది. యూటాలో డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌లో దాదాపు 1,500 ఎముకల్ని రాతి గోడలోనే వదిలేసి చుట్టూ బిల్డింగ్ కట్టారు, 1909లో శిలాజాల శాస్త్రవేత్త ఎర్ల్ డగ్లస్ కనిపెట్టిన క్వారీ అది. ఎముకలు ఒకదానిమీద ఒకటి ఎలా పడ్డాయో అక్కడ చూశాక విడి ఎముక ఎంత అందంగా ఉన్నా ఏదో తక్కువైనట్టే అనిపిస్తది నాకు.

ముందు పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, మాస్క్ పెట్టుకోండి ఎందుకంటే రాతి దుమ్ములో సిలికా ఉంటది. నీళ్లు పోయొద్దు, మట్టి ఎక్కువున్న రాయి ఉబ్బి విచ్చిపోద్ది. వెనిగర్ అసలే వద్దు, సున్నంతో పాటు ఎముకనీ తినేస్తది. వార్నిష్ కూడా వద్దు, మెరుపొస్తుంది గానీ కొన్నాళ్లకి పసుపెక్కుద్ది, మళ్లీ తీయడం నరకం. మ్యూజియంవాళ్లు వాడే పారలాయిడ్ బి-72 అని ఒక యాక్రిలిక్ రెజిన్ దొరుకుతుంది, దాని గింజల్ని అసిటోన్‌లో 5 శాతం దాకా పల్చగా కలిపి డ్రాపర్‌తో పగుళ్లలో చుక్కలు చుక్కలుగా వదలండి, పీల్చుకోవడం ఆగేదాకా. అదే చిక్కగా కలిపితే ఊడిన పెచ్చులకి జిగురు. దీని గొప్పదనం ఏంటంటే ఎప్పుడు కావాలన్నా అసిటోన్‌తో మళ్లీ కరిగించి తీసేయొచ్చు. అసిటోన్ భగ్గున అంటుకుంటది కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, గాలిలో తేమ ఎక్కువున్న రోజు చేస్తే పైన తెల్లగా మసకేస్తది.

డిస్‌ప్లేకి వస్తే, నిలబెట్టాలని ఆరాటపడొద్దు, రాయి అడుగు ఆకారానికి కోసిన ఫోమ్ మీద పడుకోబెట్టండి, బరువు ఒక్క మూల మీద పడకూడదు. లైట్ మాత్రం ఎదురుగా కాకుండా పక్కనుంచి, బాగా కిందగా వేయండి, ఒక చిన్న ఎల్ఈడీ చాలు, ఎముకకీ రాయికీ మధ్య అంచు, ఆ గరుకు, ప్రతి పగులూ నీడతో సహా లేచి కనిపిస్తాయి. పక్కకి జరుపుతూ చూడండి, ఒక కోణం దగ్గర మీకే తెలిసిపోద్ది.

పైన తెల్లటి, పసుపు రంగు పొడి కనిపించినా గంధకం వాసన వచ్చినా లోపల పైరైట్ (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం) తేమకి పాడై యాసిడ్ పుడుతోందని అర్థం, వెంటనే మిగతా వాటినుంచి విడదీసి తేమ పీల్చే సిలికా జెల్‌తో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. మారిసన్ ఎముకల్లో కొన్ని యురేనియం పీల్చుకుని ఉంటాయి, దాన్నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తది, అందుకే నేనవి పడగ్గదిలో పెట్టను, గాలి ఆడే గదిలోనే ఉంచుతా.

రాయి వెనక ఒక మూల బి-72 పూసి, ఆరాక నంబర్ రాసి, దానిమీద మళ్లీ ఒక పూత వేయండి. నోట్‌బుక్‌లో ఆ నంబర్‌కి ఎక్కడ, ఏ పొర, ఏ తేదీ, పైవైపు ఏది, ఎవరి భూమి అన్నీ రాయండి. ఈ వివరాలు లేకపోతే ఎంత మంచి ముక్క అయినా ఏ పరిశోధనకీ పనికి రాదు. అమెరికాలో ఫెడరల్ భూముల్లో డైనోసార్ ఎముక తీసుకోవాలంటే పర్మిట్ ఉండాల్సిందే, 2009 నుంచి దానికి ప్రత్యేకంగా చట్టమే ఉంది, కెనడాలో అల్బర్టాలో అయితే శిలాజాలు ప్రభుత్వానివే, మీరు కాపలాదారు మాత్రమే.

మీ ముక్కలో పన్ను గానీ, ఒకదానికొకటి అతుక్కుని ఉన్న వెన్నుపూసలు గానీ కనిపిస్తే మాత్రం పైన చెప్పినవేవీ మొదలెట్టకుండా ఫోటోలు తీసి దగ్గర్లోని మ్యూజియంలో పాలియెంటాలజిస్ట్‌కి, అంటే శిలాజాల శాస్త్రవేత్తకి, చూపించండి.