కాపర్ కాంప్లెక్స్ సిస్‌ప్లాటిన్ కన్నా మెరుగని రాయొచ్చా?

మీరు అడిగింది: కాపర్ షిఫ్ బేస్ కాంప్లెక్స్‌కి 24 గంటల ఎంటీటీలో ఐసీ50 8 మైక్రోమోలార్, సిస్‌ప్లాటిన్‌కి 40 పైన వచ్చింది, రెండింటినీ డీఎంఎస్‌ఓలోనే కరిగించాను, సిస్‌ప్లాటిన్ కన్నా మెరుగని పేపర్‌లో రాయొచ్చా అని. (సిస్‌ప్లాటిన్ అంటే ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు. షిఫ్ బేస్ కాపర్‌ను పట్టుకునే సేంద్రియ అణువు. ఎంటీటీ అంటే బతికున్న కణాలు ఊదారంగుకి మార్చే పసుపు రంగు పదార్థం, దాంతో చేసే పరీక్ష. ఐసీ50 అంటే ఆ రీడింగ్‌ను సగానికి తగ్గించే మోతాదు, తక్కువైతే మందు బలమైనది. డీఎంఎస్‌ఓ ఒక ద్రావణి.)

రాయొద్దు. మీ కాంప్లెక్స్ సంగతి తర్వాత, అసలు మీరు ప్లేట్‌లో పోసింది సిస్‌ప్లాటినే కాదు. డీఎంఎస్‌ఓలోని గంధకం ప్లాటినాన్ని పట్టుకుని ఒక క్లోరైడ్‌ను బయటికి నెట్టేస్తుంది. దీనికి కొన్ని గంటలు చాలు. ఇక మిగిలేదానికి కణాలను చంపే శక్తి బాగా తక్కువ. స్టాక్ (ముందే కరిగించి ఉంచుకున్న గాఢ ద్రావణం) పాతబడేకొద్దీ ఐసీ50 పెరుగుతూ పోయేది అందుకే. పరుగుపందెంలో అవతలివాడి కాళ్లు కట్టేసి గెలిచామని చెప్పుకోవడం లాంటిదే ఇది. 2014లో 'క్యాన్సర్ రీసెర్చ్' పత్రిక దీని మీద పేపర్ వేసినా థీసిస్‌లు మారలేదు.

3 మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్‌ను 10 మిల్లీలీటర్ల 0.9 శాతం సెలైన్‌లో వేసి, వెలుతురు తగలకుండా, 37 డిగ్రీల దగ్గర కదుపుతూ కరిగించండి. అది 1 మిల్లీమోలార్ స్టాక్. సెలైన్‌లో 154 మిల్లీమోలార్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ప్లాటినం మీది క్లోరైడ్‌లు పెద్దగా ఊడవు. ఏ రోజుది ఆ రోజే వాడండి. గాఢత ఎక్కువున్న స్టాక్‌ను ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు దిగొచ్చు, తర్వాత ఫిల్టర్ చేస్తే ఆ మందు ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. వెల్‌లో (ప్లేట్‌లోని గుంటలో) 100 మైక్రోమోలార్ కావాలంటే పదో వంతు సెలైనే పడుతుంది, మందు వేయని కంట్రోల్ వెల్స్‌లోనూ అంతే సెలైన్ పోయాలి. సమయం 72 గంటలు ఉంచండి. సిస్‌ప్లాటిన్ డీఎన్‌ఏను పట్టుకున్నాక కణం చావడానికి టైం పడుతుంది. 24 గంటల పోలిక దానికి రెండో అన్యాయం.

ఇక మీ కాపర్. కణాలు లేని వెల్స్‌లో మీడియం, కాంప్లెక్స్, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. ఊదారంగు వస్తే ఎంటీటీని మార్చింది కణాలు కాదు, మీ పదార్థమే. ఎంటీటీ వేసే ముందు మందున్న మీడియం తీసేసి పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణంతో) ఒకసారి కడగండి. ఆకుపచ్చ కాపర్ కాంప్లెక్స్‌లు 600–700 నానోమీటర్ల దగ్గర వెలుతురు పీల్చుకుంటాయి. అలాంటప్పుడు ఊదారంగును కొలిచే 570 నానోమీటర్ల రీడింగ్ నుంచి, నేపథ్యం కింద తీసుకునే 690 రీడింగ్ తీసేస్తే లెక్క తప్పుతుంది.

లిగాండ్ (కాపర్‌ను పట్టుకునే అణువు) ఒక్కటే, కాపర్ క్లోరైడ్ ఒక్కటే, రెండూ కలిపినది: ఈ మూడూ అదే ప్లేట్‌లో ఉండాలి. ఫినాంత్రోలిన్ లాంటి లిగాండ్‌లు ఒంటరిగానే కణాలను చంపుతాయి, అప్పుడు కాంప్లెక్స్ చేసిన ఘనత ఏముంది? షిఫ్ బేస్ నీళ్లలో విడిపోయే రకం కూడా. మీడియంలో 37 డిగ్రీల దగ్గర 0, 24, 48 గంటలకు యూవీ స్పెక్ట్రమ్ తీయండి. స్పెక్ట్రమ్‌లో శిఖరం పక్కకు జరిగితే మీరు కొలిచింది ముక్కల ప్రభావం.

ఎలిమెంటల్ అనాలిసిస్ (పదార్థంలో ఏ మూలకం ఎంత శాతం ఉందో చూసే పరీక్ష) లెక్కకు 0.4 శాతం లోపల రాకముందే డాకింగ్ బొమ్మలు (అణువు ప్రోటీన్‌కి ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్ వేసే బొమ్మలు) వేసేవాళ్ల గురించి ఏం చెప్పాలి! 'సాధారణ కణాలు' అంటూ హెచ్ఈకే293 (ల్యాబ్‌లో పెంచే మానవ పిండపు కిడ్నీ కణాలు) చూపించడం ఇంకో జబ్బు. ఎడినోవైరస్ డీఎన్‌ఏతో అమరం చేసిన కణాలవి. వాటి మీద వచ్చిన సెలెక్టివిటీ ఇండెక్స్‌ను (సాధారణ కణాల ఐసీ50ను క్యాన్సర్ కణాల ఐసీ50తో భాగిస్తే వచ్చే అంకెను) రివ్యూయర్ అడక్కుండానే తీసేయండి.