రిమోట్లు ఎందుకు ఆగిపోయాయి? గరాజ్ కీప్యాడ్ ప్రోగ్రామింగ్, బిగింపు

ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: డల్లాస్ దగ్గర పాత ఇల్లు కొన్నారు. రెండు కార్ల గరాజ్, ఒకటే పెద్ద తలుపు, పైన తలుపుని ఎత్తి దించే లిఫ్ట్‌మాస్టర్ మోటార్ (దీన్నే ఓపెనర్ అంటారు), దానికి పసుపు రంగు లెర్న్ బటన్, అంటే కొత్త రిమోట్లని మోటార్‌కి పరిచయం చేసే బటన్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. పొద్దున నడకకి వెళ్లి వచ్చేటప్పుడు తాళంచెవి అవసరం లేకుండా బయట వైర్‌లెస్ కీప్యాడ్ పెడదామనుకున్నారు. ప్రోగ్రామ్ చేయబోతే కీప్యాడ్ కలవలేదు సరికదా, అప్పటిదాకా పనిచేసిన రెండు రిమోట్లూ ఆగిపోయాయి. గోడ మీది బటన్ మాత్రం పనిచేస్తోంది. మోటార్ పాడైందా అని అడిగారు.

పాడవలేదండీ. లెర్న్ బటన్‌ని నొక్కి వెంటనే వదలాల్సింది, నొక్కి పట్టుకుని ఉంటారు. సుమారు 6 సెకన్లు పట్టుకుంటే పక్కనున్న చిన్న లైటు ఆరిపోతుంది, అప్పటిదాకా నేర్చుకున్న రిమోట్లూ కీప్యాడ్లూ అన్నీ మోటార్ జ్ఞాపకంలోంచి చెరిగిపోతాయి. గోడ బటన్ వైరుతో కలిసి ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. వైఫై ఉన్న మోడల్ అయితే, లైటు ఆరిన వెంటనే మళ్లీ ఇంకోసారి అలాగే పట్టుకుంటే యాప్ వ్యవస్థకి కలిపిన పరికరాలు కూడా చెరిగిపోతాయి. 

నన్నడిగితే పాత ఇల్లు కొన్నవాళ్లు ఎవరైనా మొదట చేయాల్సిన పని ఇలా పాత రిమోట్లన్నీ చెరిపేయడమే. పాత ఓనరు, వాళ్ల పనివాళ్లు, పక్కింటివాళ్లు, వీళ్లలో ఎవరి దగ్గర ఏ రిమోట్ మిగిలిందో మీకు తెలియదు. ముందు తలుపు తాళం మార్చినవాళ్లు కూడా గరాజ్ సంగతి మర్చిపోతారు. మీకు పొరపాటున అయినా మంచే జరిగింది. ఇప్పుడు మీవి మాత్రమే మళ్లీ కలుపుకోండి.

కలిపే ముందు కీప్యాడ్ సరైనదేనా చూడండి. చాంబర్లేన్, లిఫ్ట్‌మాస్టర్ ఒకే సంస్థవి. సియర్స్ అమ్మిన క్రాఫ్ట్స్‌మన్ ఓపెనర్లలో చాలావరకు కూడా వాళ్లు తయారుచేసినవే. వీటిలో ఏ కాలం నాటిదో లెర్న్ బటన్ రంగు చెబుతుంది. పసుపు అయితే 2011 నుంచి వస్తున్న సెక్యూరిటీ ప్లస్ 2.0 అనే సిగ్నల్ పద్ధతి. ఊదా రంగు అంతకుముందుది, దాని రేడియో సిగ్నల్ 315 మెగాహెర్ట్జ్. నారింజ లేదా ఎరుపు ఇంకా పాతది, 390 మెగాహెర్ట్జ్. ఆకుపచ్చ అయితే 1990ల నాటిది. 877ఎల్ఎం, 877మ్యాక్స్ పేర్లతో దొరికే కీప్యాడ్ 1993 తర్వాతి వాటితో పనిచేస్తుంది. నేను కింద చెప్పేవన్నీ దాని పద్ధతులే. ‘యూనివర్సల్’ అని రాసి ఉన్నది కొంటే అది కూడా చాలావరకు కలుస్తుంది కానీ బటన్లు నొక్కే వరుస వేరు, దాని కాగితం చూడాల్సిందే. జీనీ అనే వేరే కంపెనీ ఓపెనర్‌కి జీనీ కీప్యాడే కొనండి. ఒక కంపెనీ రోలింగ్ కోడ్ (నొక్కిన ప్రతిసారీ మారే రహస్య సంకేతం) ఇంకో కంపెనీ మోటార్‌కి అర్థం కాదు, ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

ఇక అసలు పని. డ్రిల్లు ఇప్పుడే బయటికి తీయకండి. ముందు ప్రోగ్రామ్ చేయాలి, తర్వాత బిగించే చోట చేత్తో పట్టుకుని పరీక్షించాలి, ఆ తర్వాతే గోడకి కన్నం. ఈ వరుస తప్పితే, సిగ్నల్ అందని చోట ఇటుకకి రెండు కన్నాలు పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

కీప్యాడ్‌లో 9 వోల్టుల బ్యాటరీ వేయండి, మూత ఎత్తగానే అంకెల వెనక వెలుగు రావాలి. కార్లు బయట పెట్టి తలుపు మూసేయండి, తలుపు దారిలో ఎవరూ లేకుండా చూడండి. నిచ్చెన వేసుకుని మోటార్ దగ్గరికి వెళ్తే, యాంటెన్నా వైరు వేలాడే వైపున, కొన్నిట్లో బల్బు కప్పు కింద, రంగు బటన్ కనిపిస్తుంది. దాన్ని ఒక్కసారి నొక్కి వదలండి. పక్కన చిన్న లైటు వెలుగుతుంది. అప్పటి నుంచి మీకు 30 సెకన్ల సమయం ఉంటుంది. కీప్యాడ్ మీద మీకు నచ్చిన నాలుగంకెల పిన్ నొక్కి, ఎంటర్ బటన్‌ని నొక్కి పట్టుకోండి. మోటార్ బల్బు ఒకసారి మినుకుమనగానే వదిలేయండి. బల్బు కాలిపోయి ఉంటే రెండు ‘టిక్కు’ శబ్దాలు వినిపిస్తాయి. చాలామంది ఎంటర్‌ని ఊరికే తట్టి వదిలేస్తారు, అందుకే కలవదు. లెర్న్ దగ్గర నొక్కి వదలడం, ఎంటర్ దగ్గర నొక్కి పట్టడం. మీ ఇంట్లో జరిగింది ఈ రెండూ తారుమారు కావడమే అని నా అనుమానం.

కీప్యాడ్ చేతిలో పెట్టుకుని నిచ్చెన మీదే ఇదంతా చేసేయొచ్చు, బయటికి పరిగెత్తనక్కర్లేదు. గోడ ప్యానెల్‌కి చిన్న స్క్రీన్ ఉంటే నిచ్చెన కూడా అక్కర్లేదు, మెనూలో ప్రోగ్రామ్ అనే ఆప్షన్ ఉంటుంది.

రిమోట్లకీ ఇదే పద్ధతి: లెర్న్ నొక్కి వదలడం, 30 సెకన్లలోపు రిమోట్ బటన్ పట్టుకోవడం, బల్బు మినుకుమనగానే వదలడం. ఒక్కో రిమోట్‌కీ లెర్న్ మళ్లీ నొక్కాలి. కారులోంచే గరాజ్ తెరవడానికి అద్దం దగ్గరుండే హోమ్‌లింక్ బటన్లని కూడా మోటార్ మర్చిపోయి ఉంటుంది. లెర్న్ నొక్కాక కారులో ఆ బటన్‌ని రెండు సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు నొక్కి వదిలితే కలుస్తుంది.

కీప్యాడ్ ఎక్కడ పెట్టాలి? నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తు, పిల్లలకి అందకూడదు. నొక్కేవాళ్లకి తలుపు పూర్తిగా కనిపించాలి, అదే సమయంలో కదిలే తలుపుకి, పట్టాలకి దూరంగా ఉండాలి. టెక్సస్‌లో పడమటి ఎండ నేరుగా తగిలే చోట పెడితే రబ్బరు బటన్లు త్వరగా గట్టిపడతాయి, అంకెలు చెరిగిపోతాయి. చూరు నీడ పడే వైపు చూసుకోండి.

తలుపు చుట్టూ చెక్క చట్రం ఉంటే పని తేలిక. బ్యాటరీ మూత, బ్యాటరీ తీసి, పై కన్నం ఎక్కడ రావాలో గుర్తు పెట్టి, 1/8 అంగుళం బిట్‌తో కన్నం పెట్టండి. పై స్క్రూని పూర్తిగా దిగగొట్టకుండా 1/8 అంగుళం బయటికి ఉంచి, కీప్యాడ్‌ని దానికి తగిలించండి. వదులుగా ఉంటే స్క్రూ కాస్త తిప్పి సరిచేయండి. ఇప్పుడు కీప్యాడ్‌నే కొలతగా పెట్టుకుని కింది కన్నం పెట్టి రెండో స్క్రూ బిగించండి. ఇక్కడ చేతి స్క్రూడ్రైవరే వాడండి. పవర్ డ్రైవర్‌తో ఇంకొక్క పట్టు వేస్తే ప్లాస్టిక్ పెట్టె చిట్లిపోతుంది, వానకి నీళ్లు లోపలికి దిగుతాయి.

మీవైపు ఇళ్లలో చాలావాటికి ముందు గోడ ఇటుకే. ఇటుకకి మేసన్రీ బిట్, ప్లాస్టిక్ యాంకర్లు (కన్నంలో దూర్చి స్క్రూ బిగించే గొట్టాలు) కావాలి. బిట్ సైజు యాంకర్ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అది చూసే కొనండి. ఇటుక మధ్యలో కన్నం పెట్టడం కంటే వీలైతే సిమెంటు గీతలో పెట్టడం మేలు. రేపు కీప్యాడ్ తీసేసినా ఆ కన్నాన్ని పూడ్చడం తేలిక, ఇటుక పగిలితే మాత్రం అతుకు కనిపిస్తూనే ఉంటుంది. న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లకి ఒక మాట: వినైల్ సైడింగ్ (బయటి గోడకి తొడిగే ప్లాస్టిక్ పలకలు) మీద నేరుగా బిగించకండి. ఎండకీ చలికీ అది సాగి ముడుచుకుంటుంది, వెనక ఖాళీ ఉంటుంది, స్క్రూ నిలవదు. చట్రం చెక్క మీదకి జరపండి.

పిన్ విషయంలో కొంచెం పట్టింపుగా ఉండాలంటాను. అమెరికాలో చాలాచోట్ల గరాజ్ ఇంటికి అంటుకుని ఉంటుంది, గరాజ్‌లోంచి వంటింట్లోకి వెళ్లే తలుపుకి తాళం వేసే అలవాటు చాలామందికి లేదు. అంటే ఆ నాలుగంకెలే మీ ఇంటి తాళంచెవి. ఇంటి నంబరు, పుట్టిన సంవత్సరం, 1234 వద్దు. చాలాకాలం అవే నాలుగు బటన్లు నొక్కితే వాటి మీదే మెరుపు, మురికి తేలతాయి, చూసినవాడికి సగం పని అయిపోయినట్టే. అప్పుడప్పుడూ మార్చండి. మార్చడానికి నిచ్చెన అక్కర్లేదు: పాత పిన్ నొక్కి, # బటన్ పట్టుకోండి, మోటార్ బల్బు రెండుసార్లు మినుకుమంటుంది. వదిలి కొత్త పిన్ నొక్కి ఎంటర్ కొట్టండి. బల్బు ఒకసారి మినుకుమంటే కొత్త పిన్ ఎక్కినట్టు.

ఇల్లు శుభ్రం చేసేవాళ్లకో, మీరు ఊళ్లో లేనప్పుడు మొక్కలకి నీళ్లు పోసే స్నేహితులకో అసలు పిన్ ఇవ్వకండి, తాత్కాలిక పిన్ ఇవ్వండి. అసలు పిన్ నొక్కి * పట్టుకుంటే బల్బు మూడుసార్లు మినుకుమంటుంది. తాత్కాలికంగా ఇవ్వదలచిన నాలుగంకెలు నొక్కి మళ్లీ * పట్టుకోండి, బల్బు నాలుగుసార్లు మినుకుమంటుంది. తర్వాత ఎన్ని గంటలు పనిచేయాలో ఆ అంకె, వెంటనే *. గంటలు కాక ఎన్నిసార్లు తెరవచ్చో పెట్టాలంటే ఆ అంకె తర్వాత #. రెండిటికీ గరిష్ఠం 255. కొనుక్కున్నవాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు, ఈ కీప్యాడ్‌లో ఉన్న మంచి సదుపాయం మాత్రం ఇదే.

అమ్మానాన్నలకి చూపించేటప్పుడు తెరవడం కంటే మూయడం గురించి ఎక్కువ చెప్పండి. 877లో తలుపు తెరిచి ఉన్నప్పుడు ఎంటర్ ఒక్కటే నొక్కితే చాలు, మూసుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది. వద్దనుకుంటే 1, 9 బటన్లని కలిపి 10 సెకన్లు పట్టుకోండి. కీప్యాడ్ వెలుగు నాలుగుసార్లు మినుకుమంటే ఆ సదుపాయం ఆగినట్టు, రెండుసార్లయితే మళ్లీ మొదలైనట్టు. పెద్దవాళ్లకి అది ఉంచడమే మంచిది, పిన్ గుర్తుచేసుకునే పని సగం తగ్గుతుంది. కానీ నొక్కి వెనక్కి తిరిగి వెళ్లిపోకూడదు. తలుపు నేలకి తగిలి ఆగేదాకా నిలబడి చూడమని గట్టిగా చెప్పండి. దారిలో ఎండుటాకో చెప్పో అడ్డొస్తే తలుపు మళ్లీ పైకి వెళ్లిపోతుంది, ఇల్లు రోజంతా తెరిచే ఉంటుంది. మూసుకుంటున్న తలుపు కింద నుంచి వంగి దూరడం మాత్రం ఎవరూ చేయొద్దు.

పనిచేయకపోతే ఎక్కడ వెతకాలో లక్షణమే చెబుతుంది. కీప్యాడ్‌తో తెరుచుకుంటోంది కానీ మూసుకోవడం లేదు, మోటార్ బల్బు మాత్రం మినుకుమంటోంది అంటే కీప్యాడ్ తప్పు కాదు. తలుపుకి రెండు పక్కలా నేల నుంచి 6 అంగుళాల లోపు ఉండే సెన్సర్ కళ్లు చూడండి. అమెరికాలో 1993 జనవరి నుంచి తయారైన ఓపెనర్లకి ఈ రక్షణ ఉండాలన్నది చట్టం. ఒకదానిలో కాషాయ రంగు లైటు, ఇంకోదానిలో ఆకుపచ్చ లైటు, రెండూ కదలకుండా వెలగాలి. సాలెగూడు తుడవండి, చీపురు తగిలి పక్కకి తిరిగిందేమో చూసి ఎదురెదురుగా సర్దండి.

కీప్యాడ్ వెలుగుతోంది, రిమోట్లూ కీప్యాడ్ రెండూ పనిచేయడం లేదు, గోడ బటన్ ఒక్కటే పనిచేస్తోంది అంటే గోడ ప్యానెల్ మీది లాక్ బటన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఊరెళ్లేటప్పుడు బయటి సిగ్నల్స్ ఆపడానికి పెట్టిన సదుపాయం అది. మీ విషయంలో కూడా మళ్లీ కలిపే ముందు ఒకసారి దాన్ని చూసుకోండి, అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఎన్నిసార్లు కలిపినా తలుపు కదలదు.

దగ్గరికి తెస్తే పనిచేసి, గోడ దగ్గర పనిచేయకపోతే మొదటి అనుమానం మోటార్‌లోని ఎల్ఈడీ బల్బు మీద. చవక బల్బుల్లోని సర్క్యూట్ రేడియో గోల పుట్టిస్తుంది, అది ఈ సిగ్నల్‌ని మింగేస్తుంది. బల్బు విప్పి పరీక్షించండి, అప్పుడు పనిచేస్తే గరాజ్ ఓపెనర్ కోసమే అని రాసి ఉన్న బల్బు కొనండి. యాంటెన్నా వైరు పైకి చుట్టి ఉంటే విప్పి కిందికి వేలాడనివ్వండి. అంకెల వెలుగు మసకబారితే బ్యాటరీ. చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో జనవరిలో కీప్యాడ్ మొండికేస్తే చాలాసార్లు కారణం అదే, ఆల్కలైన్ కంటే లిథియం 9 వోల్టుల బ్యాటరీ చలిని బాగా తట్టుకుంటుంది. బ్యాటరీ మార్చినంత మాత్రాన మళ్లీ ప్రోగ్రామ్ చేయనక్కర్లేదు.

చివరగా కరెంటు. కీప్యాడ్ బ్యాటరీతో నడిచినా మోటార్‌కి కరెంటు లేకపోతే తలుపు కదలదు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి అమ్మే ఓపెనర్లకి బ్యాకప్ బ్యాటరీ తప్పనిసరి. టెక్సస్‌లో మీ మోటార్‌కి ఉందో లేదో చూసుకోవాలి. తలుపు మూసి ఉండగా ప్లగ్ తీసి కీప్యాడ్ నొక్కితే తేలిపోతుంది. లేకపోతే తుఫాను రోజున అమ్మానాన్నలు బయట ఇరుక్కుంటారు కాబట్టి ముందు తలుపు తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉండాల్సిందే. లోపల ఉన్నవాళ్లకి మాత్రం పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు ఉంటుంది. తలుపు పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే దాన్ని లాగి, తలుపు చేత్తో ఎత్తొచ్చు. తలుపు పైన ఉన్నప్పుడు లాగితే, స్ప్రింగు బలహీనంగా ఉంటే ఒక్కసారిగా కిందికి పడుతుంది.