పదకొండున్నర తర్వాత

చిట్టీ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విని నేను పెద్దగా ఏమీ మాట్లాడలేదు. అప్పటికప్పుడు ఏదో ఒకటి అనడం కన్నా, నాలుగు రోజులు ఆలోచించి రాస్తే నీకు పనికొస్తుందనిపించింది. ఆగస్టులో పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. మార్చితో మీ టీమ్ మొత్తాన్ని తీసేస్తున్నారు, అప్పటిదాకా రమ్మన్నారు. "పోయేదాన్నని తెలిసీ రోజూ అదే కుర్చీలో ఎలా కూర్చోను పెద్దమ్మా?" అన్నావు.

ఆ పని చేస్తున్న మనిషిని నేను రోజూ రాత్రి టీవీలో చూస్తూనే ఉన్నాను. స్టీఫెన్ కోల్బర్ట్, రాత్రి 11:35కి వచ్చే 'లేట్ షో' అనే కబుర్ల షో చేసేవాడు. 2025 జులై 17న ప్రేక్షకుల ముందుకొచ్చి, తనకూ ముందురోజు రాత్రే తెలిసిందనీ, 2026 మేతో షో అయిపోతుందనీ చెప్పాడు. అతన్ని తీసి ఇంకొకరిని పెట్టడం కాదు, అతనికి ముందు దాన్ని చేసిన డేవిడ్ లెటర్‌మన్ 1993లో మొదలుపెట్టిన ఆ షోనే ఎత్తేస్తున్నారు. ఛానెల్ వాళ్ళు డబ్బు లెక్కలే కారణం అన్నారు. మూడు రోజుల ముందే అతను తన కంపెనీ ట్రంప్‌తో చేసుకున్న 1.6 కోట్ల డాలర్ల రాజీని లంచం అని షోలోనే అన్నాడు కాబట్టి మీ పెద్దనాన్న ఆ లెక్కల మాట నమ్మరు. నేనూ నమ్మను, కానీ ఇప్పుడా గొడవ వద్దు.

నాకు ఆసక్తిగా ఉన్నది ఆ తర్వాతి సంగతి. షో పోతోందని తెలిసిన మనిషి తర్వాతి సోమవారమే మళ్ళీ టై కట్టుకుని వచ్చి ఆరోజు వార్తల మీద కొత్త జోకులు చెప్పాడు. పది నెలల పాటు అదే పని. ఏడుస్తూనూ చెయ్యట్లేదు, ఏమీ జరగనట్టూ చెయ్యట్లేదు. తన షో పోతోందన్న సంగతి మీదే జోకులేస్తాడు. నువ్వూ అలాగే ఉండు. ఆఫీసులో ఎవరైనా మొహమాటంగా చూస్తే నువ్వే ముందు ఆ మాట ఎత్తెయ్యి, వాళ్ళకీ ఊపిరాడుతుంది. కొత్తగా పెద్ద పనులేవీ నెత్తిన వేసుకోకు. సగంలో ఉన్నవి పూర్తి చెయ్యి, నీ ఒక్కదానికే తెలిసినవి రాసి పెట్టు. వాళ్ళ మీద నీకున్న కోపం ఆ పని మీద చూపించకు.

కోపం అంటే ఇలాంటి రాత్రి షోలు చేసే ఇంకొకతను, కోనన్ ఓబ్రయన్ గుర్తొస్తాడు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన టునైట్ షో, వేరే ఛానెల్లోది, చేతికొచ్చిన ఏడు నెలలకే, దాన్ని అర్ధరాత్రి దాటాక వేస్తాం అన్నారు. అతను ఒప్పుకోక బయటికొచ్చేశాడు. 2010 జనవరి 22న ఆఖరి షోలో, లోకంలో దేని మీదా నమ్మకం లేనట్టు ఎకసెక్కంగా మాట్లాడకండి, అది నాకు నచ్చని గుణం అని కుర్రాళ్ళకి చెప్పాడు. ఒప్పందం ప్రకారం కొన్నాళ్ళు టీవీలో కనపడకూడదు. సరే అని ఊరూరా తిరిగి స్టేజీ మీద షోలు చేసుకున్నాడు.

ఒప్పందం అన్నాను కాబట్టి ఒక ముక్క. వాళ్ళు డబ్బిచ్చి సంతకం పెట్టమనే కాగితం తెచ్చినరోజే పెట్టెయ్యకు. నీకు 40 దాటాయి. ఇలా గుంపుగా తీసేస్తూ, వయసు వివక్ష మీద దావా వెయ్యనని రాయించుకోవాలంటే ఆలోచించుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. లాయర్‌కి చూపించు, ఆ ఫీజు దండగ కాదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఏరోజుతో ఆగిపోతుందో కాగితం మీద అడిగి తీసుకో. ఉద్యోగం పోయాక కూడా ఆ ఇన్సూరెన్స్‌నే కొన్నాళ్ళు కొనసాగించుకునే పద్ధతి కోబ్రా, అది తీసుకోవడానికి 60 రోజులు టైముంటుంది, కానీ మొత్తం ప్రీమియం నువ్వే కట్టుకోవాలి కాబట్టి అల్లుడి ప్లాన్‌లో చేరడం ఎంతవుతుందో ముందు చూసుకో. నీకు వీసా టెన్షన్ లేదు, అదొక్కటి అదృష్టం. వీసా మీద ఉన్న మీ టీమ్ పిల్లలకి ఉద్యోగం పోయాక 60 రోజులే గడువు. నీకు తెలిసినవాళ్ళకి వాళ్ళ గురించి ఇప్పుడే చెప్పి పెట్టు.

ఇక అసలు సంగతి, రాత్రుళ్ళది.

మేం 1981లో జెర్సీ సిటీ వచ్చాం. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఈవెనింగ్ షిఫ్ట్ చేసి పదకొండు దాటాక ఇంటికొచ్చేదాన్ని. ప్లేటులో పెరుగన్నం పెట్టుకుని కూర్చునేసరికి 11:30, టీవీలో టునైట్ షో, అప్పుడు దాన్ని చేసేది జానీ కార్సన్. సగం జోకులు అర్థమయ్యేవి కావు. జనం నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం. మోనోలాగ్, అంటే మొదట్లో ఒక్కడే నిలబడి చెప్పే జోకులు, అయ్యాక చేతిలో కర్ర లేకుండానే గోల్ఫ్ బంతి కొట్టినట్టు ఊగేవాడు. అది చూశాక మీ పెద్దనాన్న గిన్నెలు కడగడానికి లేచేవారు. పదకొండేళ్ళు మా రోజు ఆ ఊపుతోనే ముగిసింది.

ముప్ఫై ఏళ్ళకి కాస్త తక్కువగా చేసి, 1992 మే 22న ఆయన మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు, ఏడాది ముందే తనే చెప్పాడు. అలా చెప్పిన నెల రోజులకే కొడుకు రిక్ కారు ప్రమాదంలో పోయాడు. ఒకరోజు షో చివర, కొడుకు తీసిన ప్రకృతి ఫొటోలు చూపించాడు. ఆ రాత్రి నా ప్లేటులో అన్నం అలాగే ఉండిపోయింది. కష్టాలు వరసలో నిలబడి ఒక్కొక్కటీ రావమ్మా. నీకూ ఉద్యోగం పోవడం, పిల్ల వెళ్ళిపోవడం ఒకే ఏడాది వచ్చాయి. ఏ బాధ దేనిదో విడదీసి చూసుకో. ఆదివారం సాయంత్రం ఏడుపొస్తే అది ఆఫీసు గురించి కాదేమో, పిల్ల గది గురించేమో. దానికి మందు ఉద్యోగం వెతుక్కోవడంలో దొరకదు.

ఆఖరి షోలో గెస్టులెవరూ లేరు. స్టూలు మీద కూర్చుని, కుటుంబమూ స్నేహితులూ పనిచేసినవాళ్ళూ ఎదురుగా ఉండగా కబుర్లు చెప్పి, గుడ్ నైట్ అని వెళ్ళిపోయాడు. తర్వాత మళ్ళీ షో పెట్టలేదు. అయితే జోకులు రాయడం మానలేదు. రాసినవి లెటర్‌మన్‌కి పంపేవాడు, ఆయన తన మోనోలాగ్‌లో వాడుకునేవాడు. ఈ సంగతి 2005లో కార్సన్ పోయాకే నాకు తెలిసింది. పేపర్లో చదివి మీ పెద్దనాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను.

ఎందుకంటే అప్పటికి నేనూ రిటైరయి ఏడాది. జీతం లేదన్న బెంగ నాకు లేదు. రాత్రి పదకొండయ్యేసరికి మాత్రం ఒంట్లో ఏదో మొదలయ్యేది. కోటు వేసుకోవాలి, కారు తియ్యాలి అన్నట్టు కాళ్ళు ఆడేవి. ఆరు నెలలు టీవీ ముందు కూర్చుని చెగోడీలు తిన్నాను. పది పౌన్లు పెరిగాను. చివరికి ఆ వేళకి ఒక పని పెట్టుకున్నాను. ఊళ్ళో చెల్లెళ్ళకి అది పొద్దుటిపూట కదా, మీ అమ్మకి ఫోన్ చేసి అరగంట మాట్లాడేదాన్ని. నీ చిన్నప్పటి అల్లరంతా నేను విన్నది అప్పుడే.

నీకూ అలాంటి గంట ఒకటుంటుంది. పొద్దున 8:30కి స్టాండప్ కాల్, టీమంతా కలుసుకుంటాం అంటావే, అదే కావచ్చు. ఏప్రిల్ మొదటి సోమవారం ఆ గంటకి ఏం చేస్తావో ఇప్పుడే అనుకో. లింక్డిన్ మాత్రం చూడకు.

ఇంకొకటి. లెటర్‌మన్ 2015 మే 20న ఆఖరి షో చేశాడు. మర్నాడే ఆయన సెట్టు ముక్కలు న్యూయార్క్‌లో థియేటర్ బయట చెత్త డబ్బాల్లో కనపడ్డాయి. దారిన పోయేవాళ్ళు ఏరుకుని పట్టుకెళ్ళారు. అన్నేళ్ళు చేసిన మనిషి సామాను ఒక్క రోజు ఆగలేదు. నా ఆఖరి షిఫ్ట్ రోజూ అంతే. మధ్యాహ్నం మూడింటికే కంప్యూటర్ లాగిన్ తీసేశారు. అందులో ఉన్న మా పాత బ్యాచ్ పాట్‌లక్ ఫొటోలు పోయాయి.

కాబట్టి నీ సొంత ఫొటోలు, స్నేహితుల నంబర్లు ఈ నెలలోనే తీసుకో. కంపెనీవేవీ ముట్టుకోకు. నీ డెస్క్ మీద అమ్మమ్మ ఇచ్చిన రాగి గ్లాసు ఉందన్నావు. దాన్ని సోమవారమే ఇంటికి తెచ్చుకో, ఆఫీసులో నీళ్ళకి పేపర్ కప్పు చాలు.

మంగళవారం కోల్బర్ట్ చూసి పడుకోకుండా ఉంటాను. మీ డాలస్‌లో 11:35 అయ్యేసరికి నాకు 12:35. అయినా ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ