వాల్‌నట్ స్టాక్‌కి పూసిన నూనె ఆరకపోతే

మీ సింగిల్ షాట్ రైఫిల్‌కి చేసుకున్న వాల్‌నట్ స్టాక్‌కి, అంటే భుజానికి ఆనించే చెక్క భాగానికి, అవిసె నూనె మూడు పూతలు వేశానని, పది రోజులైనా వేళ్లకు బంకలా అంటుకుంటోందని రాశారు. కంగారు పడకండి, చెక్కకేమీ కాలేదు.

ముందు డబ్బా చూడండి. పచ్చి అవిసె నూనె అయితే ఆరడానికి వారాలు పడుతుంది. ‘బాయిల్డ్’ రకంలో త్వరగా ఆరడానికి డ్రయర్లు కలుపుతారు. ఏదైనా సరే, ఈ నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన మీగడ కట్టి, కింద పచ్చిగానే ఉండిపోతుంది. నేనూ మొదటిసారి తలకు ఆముదం పెట్టినట్టు పట్టించేశాను!

స్టాక్ విప్పదీసి, మినరల్ స్పిరిట్స్‌లో (పెయింట్ పలచన చేసే ద్రావకం) తడిపిన గుడ్డతో ఆ జిగురంతా తుడిచేయండి. మొండికేసిన చోట నాలుగు సున్నాల (0000, బాగా సన్నని రకం) స్టీల్ ఊల్‌తో, చెక్క గీతల వెంబడే మెల్లగా రుద్దాలి. చెకరింగ్ (పట్టు కోసం చెక్కిన అడ్డదిడ్డ గీతలు) గాడుల్లో ఇరుక్కున్నదానికి పాత టూత్‌బ్రష్ చాలు. రెండు రోజులు ఆరనిచ్చాక, నాలుగే నూనె చుక్కలు అరచేతిలో వేసుకుని చెక్కకి వేడి పుట్టేదాకా రుద్దండి. పావుగంటకి పొడి గుడ్డతో మొత్తం తుడిచేయండి. పైన తడి మెరుపు కనిపిస్తే ఎక్కువైనట్టే. పూతకీ పూతకీ మధ్య కనీసం ఒక రోజు ఆగాలి. బట్ ప్లేట్ (స్టాక్ చివర భుజానికి తగిలే పలక) కింద కోసిన అంచు నూనెను బాగా పీలుస్తుంది, దాన్ని మరిచిపోవద్దు.

ఇంకోటి, నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.